అంకుడు దుంగకు మొదటి బహుమతి

ఆదివారం పొద్దున అధికారి గారు వచ్చేలోపల చేయవలసిన పనులు ఇవి: లేతు మిషనుకు నూనె పెట్టాలి. దాని బెల్టు జారిపోకుండా బిగించాలి. ఉలులన్నీ సానబట్టి గోడకు వరసగా తగిలించాలి. సంఘం బోర్డు మీద పిచ్చుకల రెట్ట కడగాలి. పక్కనున్న పెళ్ళిసామాన్ల కొట్టు నుంచి చేతులున్న కుర్చీ ఒకటి అడిగి తేవాలి. అధికారి గారు టీలో చక్కెర వేసుకుంటారో లేదో కనుక్కోవాలి. పోలినాయుడు గారిని చొక్కా తొడుక్కుని రమ్మనాలి. సుభద్రమ్మ గారిని ఆ పూటకి ఏమీ మాట్లాడొద్దని బతిమాలాలి.

దేముడుబాబు ఇవన్నీ చేశాడు, చివరిది తప్ప. సుభద్రమ్మ గారు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సర్జన్ల చేత చేతులు కడిగించిన మనిషిని నోరు మూసుకోమనడం ఒక గుమాస్తాకు అయ్యే పని కాదు.

దేముడుబాబు నీటిపన్ను కార్యాలయంలో గుమాస్తా. వాళ్ళ ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటివాడు. అందుకని ప్రభుత్వ కాగితం ఏదైనా సరే, చేతులు తుడుచుకుని మరీ చదివేవాడు. కాగితంలో ఒక మాట రాసి ఉందంటే దాని వెనక ఎవరో బాగా ఆలోచించే ఉంటారని అతని నమ్మకం. ఆ నమ్మకం మీదే చదువుకున్నాడు, ఆ నమ్మకం మీదే ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఆ నమ్మకం మీదే నెల్లిమెట్ట తరిమెన సరదా సంఘానికి కార్యదర్శి కూడా అయ్యాడు.

తరిమెన పట్టడమంటే మిషను మీద చెక్కను గిరగిరా తిప్పుతూ, దానికి ఉలి ఆనించి, గుండ్రంగా నున్నగా మలచడం. బొంగరాలూ, కవ్వాలూ, గిలక్కాయలూ అలా పుట్టినవే. ఊళ్ళో మూతబడిన గోనెసంచుల గోదాములో, అభిరుచుల వికాస మండలి వారు దయతో ఇచ్చిన ఒక్క లేతు మిషను చుట్టూ ఆ సంఘం సాగుతోంది. ఆఫీసులో పొద్దంతా కాగితాలు తిప్పిన చేతులకి సాయంత్రం చెక్క తిప్పితే ఎంత హాయిగా ఉంటుందో దేముడుబాబుకి తెలుసు. పోలినాయుడికి అంతకంటే పెద్ద కారణం ఉంది.

పోలినాయుడు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఆయన భార్య సూరీడమ్మ కాపురానికొచ్చిన ఏడాది పెరట్లో, బొమ్మల కర్రకి పేరున్న అంకుడు మొక్క నాటింది. అది చెట్టయింది. మనవరాలు మంగ పుట్టి, నడిచి, వీధిలో మగపిల్లల బొంగరాలు చూసి ఏడుపు మొదలెట్టాక, "ఊరుకోయే, మన సెట్టు కర్రతో నీకు బొంగరం సేయిత్తాను, ఈదిలోవోల్ల బొంగరాలన్నీ దాని ముందు దిగదుడుపే" అని మాటిచ్చింది. మాటిచ్చిన మనిషి ఆ శీతాకాలం దాటలేదు. తరవాత గాలివానకు చెట్టూ పడిపోయింది. కొమ్మలు దారికి అడ్డమని మునిసిపాలిటీ వాళ్ళు కోసి బండెక్కించుకుపోతుంటే, పోలినాయుడు అడ్డంపడి ఒక్క దుంగముక్క దక్కించుకున్నాడు. ఆ ముక్క మంచం కింద పెట్టి, సంఘంలో చేరి, వేరే చెక్కల మీద చేయి తిప్పడం నేర్చుకున్నాడు. ఆయన మొదట చేసిన బొంగరాలు వంకాయల్లా ఉండేవి. తరవాతవి బెండకాయల్లా ఉండేవి. ఈ మధ్యనే బొంగరాల్లా రావడం మొదలయ్యాయి.

"ఇంక ధైర్నెం సేసీవొచ్చు బావూ," అన్నాడు దేముడుబాబుతో. "వొచ్చే వారం మా ఇంటిదాని కర్ర బిగించీత్తాను."

అధికారి గారు వచ్చింది సరిగ్గా అప్పుడే.

జిల్లా అభిరుచుల వికాస అధికారి శ్రీ గండికోట చిద్విలాసరావు గారు కారు దిగి, బోర్డు చదివి, ఉలులు చూసి, కుర్చీకి చేతులున్నాయని గమనించి ప్రసన్నులయ్యారు. కూర్చోబోతూ కిందికి చూశారు.

"ఇది ఏమి?"

"పొట్టండి," అన్నాడు దేముడుబాబు.

"ఎక్కడిది?"

"చెక్కదండి. తరిమెన పడుతుంటే రాలుతుందండి."

"అనగా," అన్నారు చిద్విలాసరావు గారు, కూర్చోకుండానే, "మండలి వారి మిషను మీద, మండలి వారి విద్యుత్తుతో, తాము వ్యర్థమును ఉత్పత్తి చేయుచున్నారన్నమాట."

దేముడుబాబుకి ఆ కోణం ఎన్నడూ తట్టలేదు. నిజమే కదా అనిపించి సిగ్గుపడ్డాడు.

"పొట్టు రాలకుండా బొంగరం ఎలా వస్తుందయ్యా?" అంది సుభద్రమ్మ. "కోత పెట్టకుండా కాన్పు చేయొచ్చు గానీ..."

"అమ్మా, తాము సమస్యను చూచుచున్నారు. మేము లక్ష్యమును చూచుచున్నాము." అధికారి గారు చెయ్యెత్తారు. "వ్యర్థశూన్య వత్సరమును మండలి ప్రకటించియున్నది. దానికి అంకురార్పణ ఈ గోదాములోనే జరుగుగాక! పొట్టు లేని నెల్లిమెట్ట! రాసుకొనుడు."

దేముడుబాబు రాసుకున్నాడు.

వారం తిరగకముందే గోదాము గుమ్మం దగ్గర ఒక కాటా వెలిసింది. లోపలికి తెచ్చిన చెక్కను దాని మీద తూచాలి. పని చేసి బయటికి తీసుకుపోయే వస్తువునూ తూచాలి. రెండు తూకాలకీ తేడా ఉంటే ఆ తేడాయే సభ్యుని వ్యర్థం. తేడాలు పెరిగితే మిషను వెనక్కి తీసుకుపోయి, తేడా రానివ్వని ఊరికి ఇస్తారు. ఇదంతా కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపారు. ముద్ర స్పష్టంగా పడింది. దేముడుబాబుకి వాదించడానికి ఏమీ దొరకలేదు.

మొదట్లో సభ్యులు బుద్ధిగా ప్రయత్నించారు. సుభద్రమ్మ ఒక కవ్వం చేసి, రాలిన పొట్టంతా ఏరి, జిగురుతో మళ్ళీ దానికే అంటించింది. తూకం జిగురు బరువుతో కలిపి ఇంకాస్త పెరిగింది. చిద్విలాసరావు గారు పరవశించిపోయి "వ్యర్థశూన్యత కాదు, ఇది సంపద సృష్టి!" అని ఆమెకు శాలువా కప్పారు. ఆ కవ్వం చూస్తే గుడ్లగూబ గూట్లోంచి తొంగిచూస్తున్నట్టుంది. దాంతో మజ్జిగ చిలికితే వెన్నలో పొట్టు వచ్చింది.

"ఇంట్లోవాళ్ళు రెండు పూటలు నన్ను తిట్టి మజ్జిగ మానేశారు," అని చెప్పిందావిడ శాలువా మడతపెడుతూ. "ఇది మాత్రం బాగుందయ్యా, చలికాలానికి పనికొస్తుంది."

తరవాత ఇంకో కాగితం వచ్చింది. "తరిమెన కళయందు ప్రధానమైనది భంగిమయే గాని స్పర్శ కాదు. కావున సభ్యులు ఉలిని చెక్కకు జానెడు ఎడముగా పట్టుకొని సాధన చేయవలెను." దీనికి స్పర్శరహిత తరిమెన అని పేరు. దేముడుబాబు నేల మీద సుద్దతో గీత గీశాడు. ఉలి ఆ గీత దాటకూడదు. మిషను మీద చెక్క గిరగిరా తిరుగుతుంటే, సభ్యులు ఉలి పట్టుకుని, నడుం కొంచెం వంచి, కళ్ళు చిట్లించి, గాలిని చెక్కేవారు. సాయంత్రం దాకా చెక్కి, చెమట తుడుచుకుని, తెచ్చిన చెక్క తెచ్చినట్టే తూచి ఇంటికి తీసుకుపోయేవారు.

ఇంట్లో పెళ్ళాం అడిగింది దేముడుబాబుని: "ఏం చేశావేటి ఇయాల?"

"కవ్వం."

"ఏదీ?"

అతను చెక్క చూపించాడు. ఆవిడ చెక్కనీ, మొగుడినీ మార్చి మార్చి చూసి, "డిగ్రీ చదివినోడివి, నీకే తెలియాలి," అని చెక్క పట్టుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది.

పోలినాయుడు మాత్రం సూరీడమ్మ దుంగను గోదాముకి తేనే లేదు. "గాలిని సెక్కడానికి దాన్నెందుకు బావూ? ఈ పిచ్చి తగ్గినాక తెత్తాను," అన్నాడు. అయితే పిచ్చి తగ్గేలా లేదు. మంగ రోజూ బడి నుంచి వస్తూ గోదాము కిటికీ పట్టుకుని వేలాడేది.

"తాతా, నా బొంగరమేదీ?"

"సేత్తన్నానే."

"ఉలి తగల్లేదు కదా?"

"మండలోల్లు తగలొద్దన్నారమ్మా."

"మరి బొంగరం ఎలా వొస్తాది?"

పోలినాయుడు దేముడుబాబు వైపు చూశాడు. దేముడుబాబు కాగితం వైపు చూశాడు. కాగితంలో మంగ ప్రశ్నకి జవాబు లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు, అక్కడా లేదు.

అతనే ఒక దారి వెతికాడు. జిల్లా తరిమెన పోటీలు వస్తున్నాయి. పోటీలో మాత్రం ఉలి ఆనించవచ్చు, వ్యర్థాన్ని లెక్కగట్టి మార్కులు తగ్గిస్తారంతే. "మార్కులు మనకెందుకు నాయుడు గారూ? మీరు దుంగ తెండి. అందరిముందూ బొంగరం చేసేయండి. ఆఖరి బహుమతి కూడా రాకపోతే పోనీండి. బొంగరం చేతికొస్తుంది, పాపకి ఇచ్చేద్దాం."

పోలినాయుడు ముఖం వెలిగిపోయింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దుంగను తువ్వాలులో చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి తెచ్చాడు. మంగ ముందు వరసలో కూర్చుంది, తాడు జేబులో పెట్టుకుని. దుంగను తూచారు. మిషనుకి బిగించారు. పోలినాయుడు ఉలి అందుకుని, పైకి చూసి, లోలోపల ఏదో అనుకుని, స్విచ్చి వేయమన్నాడు.

కరెంటు పోయింది.

వస్తుందని చూశారు. పోటీ సమయం అయిపోయేదాకా చూశారు. రాలేదు. గంట కొట్టారు. నియమం ప్రకారం మిషను మీదున్న వస్తువుని విప్పి మళ్ళీ తూచారు. ముందెంతో ఇప్పుడూ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు.

చిద్విలాసరావు గారు కాటా వైపు చూసి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"వ్యర్థము: శూన్యము! ఇంత పరిపూర్ణమైన బొంగరమును నా ఉద్యోగ జీవితమున చూచియుండలేదు."

"అయ్యా, అది బొంగరం కాదండి," అన్నాడు పోలినాయుడు. "దుంగండి. నానింకా ఏటీ సెయ్యనేదండి."

"ఆ వినయమే కళాకారుని లక్షణము," అన్నారు అధికారి గారు, చప్పట్లు కొడుతూ.

దుంగకు మొదటి బహుమతి వచ్చింది. రెండో బహుమతి పక్కూరి వాడికి, కరెంటు పోయేముందు కొంచెం గీకి చెడగొట్టుకున్నందుకు. మొదటి బహుమతి పొందిన కళాఖండం మండలి ఆస్తి అవుతుంది కాబట్టి, దుంగను ఎర్రగుడ్డ మీద పెట్టి, గాజుపెట్టెలో మూసి, జిల్లా కార్యాలయం వరండాలో ఉంచారు. ముందు ఒక చీటీ: "బొంగరం (అంతర్లీనము)." స్కూళ్ళ నుంచి పిల్లల్ని వరసలో తీసుకొచ్చి చూపించసాగారు. ఒక పంతులు గారు పిల్లలకి బొంగరం ఎటువైపు తిరుగుతోందో గమనించమని చెప్పారు. వెనక బెంచీ పిల్లలు కొందరు కనపడిందని కూడా అన్నారు.

మంగ కూడా బడితోపాటు వెళ్ళి చూసొచ్చింది.

"తాతా, అది నానమ్మ కర్రేనా?"

"అవునే."

"మరి పెట్టెలో ఎందుకెట్టినారు?"

"బహుమతొచ్చింది కదేటే మరి."

"నాకు బహుమతొద్దు," అంది మంగ. తాడు తీసి గోదాము కిటికీ ఊచకి కట్టేసి వెళ్ళిపోయింది. పోలినాయుడు ఆ తాడు వైపు చూసి, సంఘానికి రావడం మానేశాడు.

దేముడుబాబుకి అన్నం సయించలేదు. కరెంటు పోవడం అతని తప్పు కాదు, కానీ దుంగ తెమ్మన్నది అతనే. అతను మండలికి విన్నపం రాసుకున్నాడు. ఉత్తరువులో వాడే మాటలే వాడి, వినయంగా, ఎక్కడా తప్పు లేకుండా రాశాడు. జవాబు వెంటనే వచ్చింది: "తాము కోరిన విధముగా సదరు కళాఖండమును తిరిగి ఇచ్చి, దానిని ఉలితో చెక్కనిచ్చినచో, సంపూర్ణ కళాఖండము అసంపూర్ణమై, వ్యర్థము ఉత్పన్నమగును. కావున విన్నపము తోసిపుచ్చడమైనది."

ఆ కాగితం చేతిలో పట్టుకునే అతను సుభద్రమ్మ గారి వెంట బజారుకి వెళ్ళాడు. ఆవిడకి గాజులు కావాలి. కొట్టువాడు గంప తెరిచి, అందులో చేయిపెట్టి, దాచిన పిల్లికూనని తీసినట్టు ఒక గాజుల జత తీశాడు. గంప నిండా చెక్కపొట్టు.

"ఈ పొట్టు ఎక్కడిదండీ?" అన్నాడు దేముడుబాబు.

"కొనుక్కుంటాం బాబూ. పొట్టు లేకపోతే గాజులు దారిలోనే ముక్కలైపోవా? సన్నగా ఉంగరాలు చుట్టుకున్న పొట్టు దొరకడం లేదసలు. దొరికితే ఎంతైనా తీసుకుంటాం."

సుభద్రమ్మ గాజులు వేసుకుంటూ చెయ్యి ఊపి చూసుకుంది. "మన దగ్గర గోనెల్లో ఉండేది, తగలేశాం. వాళ్ళకి చెత్త, వీళ్ళకి సరుకు. ఏవిటో లోకం," అంది.

దేముడుబాబు అక్కడే కాగితం మడత విప్పి మళ్ళీ చదివాడు. ఎక్కడా "పొట్టు" అని లేదు. "వ్యర్థము" అనే ఉంది. ఏది వస్తువో ఏది వ్యర్థమో చెప్పవలసింది సంఘం కార్యదర్శే, అంటే తనే.

మర్నాడే ఇస్త్రీ చొక్కా వేసుకుని అధికారి గారి ముందు నిలబడ్డాడు. అతను అబద్ధం ఆడలేదు, ఆడడం చేతకాదు. అధికారి గారి భాషలో నిజం చెప్పాడంతే.

"అయ్యా, మా సంఘము ఇకమీదట పొట్టు తయారీ సంఘముగా పనిచేయదలచినది. ఉంగరాల పొట్టు మా ప్రధాన ఉత్పత్తి. గాజుల పరిశ్రమకు అత్యవసరము."

"పొట్టు... ఉత్పత్తి!" చిద్విలాసరావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "దుంగలోన పొట్టు ఎంత?"

"దుంగలో అధిక భాగము పొట్టే అవుతుందండి. అయితే మధ్యలో చిన్న శేషము మిగులుతుంది. దాని మీద ఇక ఉలి ఆనించము."

"అది వ్యర్థమా?"

"అదొక్కటే వ్యర్థమండి. చూడడానికి కొంచెం బొంగరంలా ఉంటుంది."

అధికారి గారు లేచి కిటికీ దాకా నడిచారు. దూరదృష్టి ఉన్నవాళ్ళు అలాగే నడుస్తారు. "చెక్కలో అధికభాగము సరుకు, స్వల్పభాగము వ్యర్థము! ఏ జిల్లా వారికీ ఇంతవరకు తట్టని ఆలోచన. ప్రారంభోత్సవమునకు ఏ దుంగను వాడుదురు?"

దేముడుబాబు చేతులు కట్టుకున్నాడు. "గాజుపెట్టెలో ఉన్నదే వాడితే సముచితమని నా మనవి. అది మొదటి బహుమతి పొందిన దుంగ. దాని పొట్టు కూడా మొదటి రకమే అయ్యుంటుంది."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఈసారి దేముడుబాబు జనరేటరు కూడా తెప్పించాడు. దుంగను గాజుపెట్టె నుంచి విడుదల చేసి, మంగళవాద్యాలతో గోదాముకి తెచ్చారు. దేముడుబాబు కబురంపితే వచ్చిన పోలినాయుడు ఉలి ఆనించాడు. అంకుడు పొట్టు సన్నటి ఉంగరాలై ఎగిరింది. కొన్ని అధికారి గారి భుజం మీద వాలాయి. దులుపుకోబోయి, సరుకని గుర్తొచ్చి ఆగి, భుజం కదపకుండా అలాగే కూర్చున్నారు. ఇద్దరు అటెండర్లు ఎగిరిన పొట్టునల్లా దుప్పటిలో పట్టారు. సభ అంతా పొట్టునే చూస్తోంది. మిషను మీద దుంగ నడుం సన్నబడి, భుజాలు గుండ్రమై, కింద మొన తేలడం చూసినవాళ్ళు దేముడుబాబు, సుభద్రమ్మ, మంగ, ఈ ముగ్గురే. పోలినాయుడు లక్క కడ్డీ ఆనించి ఎర్రరంగు పట్టించాడు. మెరుగు కోసం మొగలి ఆకుతో తుడిచాడు. అది తళతళలాడింది.

"వోరి నా తల్లే," అన్నాడు చిన్నగా. ఎవరితోనో తెలీదు.

పొట్టును తూచారు, దండ వేశారు, ఎర్రగుడ్డ మీద పోసి గాజుపెట్టెలో మూశారు. శేషాన్ని చిద్విలాసరావు గారు ముక్కు చిట్లిస్తూ చూశారు. "ఈ వ్యర్థమును ఎవరైనా బాధ్యతగా తొలగించవలెను."

"నాను తొలగిత్తానండి," అన్నాడు పోలినాయుడు.

"ఎచ్చట?"

"మా మనవరాలి సేతిలోనండి."

అప్పటికే మంగ ఊచకి కట్టిన తాడు విప్పుకొచ్చింది. బొంగరానికి మొన మేకు దిగిందో లేదో, తాడు చుట్టి, ఒక కాలు ముందుకేసి, గోదాము సిమెంటు నేల మీద విసిరింది. వ్యర్థం నిటారుగా నిలబడింది. తిరుగుతూ తిరుగుతూ కదలనట్టు కనిపించింది. సన్నగా ఒక పాటలాంటి చప్పుడు చేసింది. పోలినాయుడు మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"అబ్బే, వ్యర్థము కొంచెము పెద్దదిగా యున్నది," అన్నారు అధికారి గారు కారెక్కుతూ. "వచ్చే ఏడు దీనిని సగమునకు తగ్గించవలెను."

"అంటే సింతగింజంత బొంగరం సెయ్యాలేటి బావూ?" అన్నాడు పోలినాయుడు, కారు వెళ్ళాక.

"చేద్దాం నాయుడు గారూ," అన్నాడు దేముడుబాబు. "చీమలకి కూడా ఆటవస్తువులు కావాలి కదా."

సుభద్రమ్మ నవ్వింది. అతను కాగితం మీద పరిహాసం ఆడడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

మీరు ఎప్పుడైనా పని మీద ఆ జిల్లా కార్యాలయానికి వెళ్తే, వరండాలో ఒక గాజుపెట్టె కనిపిస్తుంది. లోపల పొట్టు కుప్ప ఉంటుంది. దాని ముందు "నెల్లిమెట్ట పొట్టు: రూపకల్పన, శ్రీ గండికోట చిద్విలాసరావు" అని చీటీ ఉంటుంది. చదవండి, తప్పులేదు, ముద్ర స్పష్టంగా ఉంటుంది. కానీ చదివాక కాసేపు ఆగి, ఆ చీటీ మీద పేరు లేని సూరీడమ్మను ఒకసారి తలుచుకోండి. మొక్క నాటింది ఆవిడే. బొంగరం ఇస్తానని మాటిచ్చిందీ ఆవిడే.